ఊటనీటి వాగుల్లో మిగిలిన షాస్టా క్రేఫిష్: తరచుగా అడిగే ప్రశ్నలు

ఈ ప్రశ్నల్లో ఎక్కువ భాగం కర్నూలు, అనంతపురం, కడప ప్రాంతాల జంతుశాస్త్ర విద్యార్థులూ, ఇంట్లో అక్వేరియం పెట్టుకున్నవారూ అడిగినవే. కొన్నిటికి రెండు మాటల్లో సమాధానం చెప్పవచ్చు. కొన్నిటికి కాస్త వెనక్కి వెళ్లి చెప్పవలసి వచ్చింది.

షాస్టా క్రేఫిష్ అంటే ఏమిటి?

అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రపు ఉత్తర భాగంలో షాస్టా కౌంటీ ఉంది. అక్కడి పిట్ నది మధ్య భాగంలోనూ, దానిలో కలిసే ఫాల్ రివర్, హ్యాట్ క్రీక్ అనే ఉపనదుల పరివాహకంలోనూ తప్ప ప్రపంచంలో మరెక్కడా సహజంగా దొరకని మంచినీటి జీవి ఇది. శాస్త్రీయ నామం పసిఫాస్టకస్ ఫోర్టిస్. 1914లో వాల్టర్ ఫాక్సన్ అనే అమెరికన్ శాస్త్రవేత్త దీన్ని వర్ణించి పేరు పెట్టాడు. లాటిన్‌లో ఫోర్టిస్ అంటే బలమైనది అని అర్థం. దీని గట్టి గిట్టలను చూస్తే ఆ పేరు సబబే అనిపిస్తుంది కానీ, తరువాతి కథ తెలిసినవారికి ఆ పేరు కొంచెం బాధ కలిగిస్తుంది. వీపు ముదురు గోధుమ రంగులోనో, ఆకుపచ్చ కలిసిన గోధుమ రంగులోనో ఉండి, అడుగున ఉన్న రాళ్లలో కలిసిపోతుంది. గిట్టల అడుగు భాగం మాత్రం నిప్పు రంగులో మెరుస్తుంది. పగలంతా రాళ్ల కింద దాక్కుని, రాత్రిపూట మేతకు బయటికి వస్తుంది.

ఇది రొయ్యా, ఎండ్రకాయా?

రెండూ కాదు, రెండిటికీ చుట్టమే. మన చెరువుల్లో పెంచే నీలకంఠ రొయ్యను పక్కన పెట్టి చూస్తే తేడా తెలుస్తుంది. రొయ్యది పలచని పెంకు, అది నీటిలో ఈదే ప్రాణి, దాని పొడవాటి సన్నని గిట్టలు రెండో జత కాళ్లకు ఉంటాయి. క్రేఫిష్‌ది సున్నం పట్టిన మందపాటి పెంకు, అది అడుగున నడిచే ప్రాణి, దాని బరువైన గిట్టలు మొదటి జత కాళ్లకు ఉంటాయి. బెదిరితే తోకను ఒక్కసారి కిందికి కొట్టి వెనక్కి దూసుకుపోతుంది.

అయితే సంరక్షణ దృష్టిలో అసలు తేడా రూపంలో లేదు, పిల్లలను పెంచే పద్ధతిలో ఉంది. నీలకంఠ రొయ్య పిల్లలు కంటికి ఆనని డింభకాలుగా పుట్టి, నీటి వాలున కొట్టుకుపోయి, కొంతకాలం ఉప్పు కలిసిన నీటిలో పెరిగి, మళ్లీ నదిలోకి ఎక్కివస్తాయి. క్రేఫిష్‌లో ఆ తేలియాడే దశ లేనే లేదు. తల్లి గుడ్లను తోక కింద అంటించుకుని నెలల తరబడి మోస్తుంది. పొదిగిన పిల్లలు పెద్దవాటి రూపంలోనే పుట్టి, మొదటి కొన్ని వారాలు తల్లిని పట్టుకునే ఉంటాయి. కె.సి. కాలువ కింది వరిమళ్లలో గట్టు తవ్వేటప్పుడు దొరికిన ఎండ్రకాయను వెల్లకిలా తిప్పి, కడుపు మీది మడతను చిటికెన వేలితో తెరిచి చూసినవారికి ఇది కొత్త విషయం కాదు. అక్కడ ఆవగింజలంత పిల్ల ఎండ్రకాయలు కిక్కిరిసి ఉండి, వెలుతురు తగలగానే ఒకదాని మీద ఒకటి పాకుతాయి. మంచినీటి ఎండ్రకాయకూ క్రేఫిష్‌కూ ఉన్న ఈ పోలికను గుర్తుంచుకుంటే, తరువాతి ప్రశ్నకు సమాధానం సగం దొరికినట్లే.

ఇంత చిన్న ప్రాంతానికే ఎందుకు పరిమితమైంది?

కారణాలు రెండు. మొదటిది పైన చెప్పినదే: పిల్లలు నీటిలో తేలిపోయి కొత్త చోట్లకు చేరవు, నడిచి వెళ్లగలిగినంత దూరమే వాటి లోకం. రెండోది నీరు. ఆ ప్రాంతంలో పాత అగ్నిపర్వతాల ఎత్తుల మీద పడిన వానా మంచూ లావా రాళ్ల పొరల గుండా ఇంకి, ఎంతో దూరాన ఊటలుగా పైకి వస్తాయి. ఆ నీటికి వరదా తక్కువ, కరువూ తక్కువ. చల్లదనం ఏడాది పొడవునా పెద్దగా మారదు. మహానంది కోనేటిలో దిగినవారికి ఆ నీటి స్వభావం వేరే చెప్పనక్కరలేదు. అడుగున పడిన నాణెం కనిపించేంత తేటగా, ఎండాకాలంలోనూ అదే జోరుతో ఊరే నీటిని ఇంకా చాలా చల్లగా ఊహించుకుంటే చాలు. అటువంటి నీటి అడుగున శుభ్రమైన ఇసుక లేదా కంకర, దాని మీద పరచుకున్న లావా రాళ్లు, ఆ రాళ్ల కింద సందులు — షాస్టా క్రేఫిష్ ఇల్లు అదే. సందులు లేనిచోట అది ఉండదు.

మన తుంగభద్రలోనో పెన్నలోనో క్రేఫిష్ లేదా?

లేదు. భారతదేశంలో స్వదేశీ క్రేఫిష్ జాతి ఒక్కటి కూడా లేదు. ప్రపంచంలో 600కు పైగా జాతులు ఉన్నాయి. ఉత్తర అమెరికా, యూరప్, తూర్పు ఆసియా ఒకవైపు, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, దక్షిణ అమెరికా, మడగాస్కర్ మరోవైపు వాటికి పుట్టిళ్లు. విచిత్రమేమిటంటే మడగాస్కర్, భారత భూభాగం కోట్ల ఏళ్ల కిందట ఒకే నేలగా ఉండి తరువాత విడిపోయాయి. అయినా మడగాస్కర్‌లో క్రేఫిష్ ఉంది, మనకు లేదు. మన నీళ్లలో దాని స్థానంలో ఉన్నవి ఎండ్రకాయలూ మంచినీటి రొయ్యలే. ఇక్కడ క్రేఫిష్ ఎక్కడైనా కనిపిస్తే అది మనుషులు తెచ్చినదే అని నిస్సందేహంగా చెప్పవచ్చు.

షాస్టా క్రేఫిష్‌కు వచ్చిన అసలు ముప్పు ఏది?

దాని దాయాదే. పసిఫాస్టకస్ లెనియస్క్యులస్ అనే సిగ్నల్ క్రేఫిష్ కూడా అమెరికా పడమటి తీరానిదే, అదే ప్రజాతికి చెందినదే. గిట్ట కీలు దగ్గర తెల్లని లేదా నీలి మచ్చ ఉంటుంది. పాతకాలపు రైల్వే సిగ్నల్‌మన్ చేతి జెండాలా కనబడే ఆ మచ్చ వల్లనే దానికా పేరు. దాని సహజ నివాసం ఉత్తరాన కొలంబియా నది ప్రాంతం. మనుషుల చేతుల మీదుగా అది కాలిఫోర్నియాకు చేరి, 1970లలో షాస్టా క్రేఫిష్ ఉన్న జలాల్లోకి ప్రవేశించింది. గాలం వేసేవారు ఎరగా తెచ్చుకున్నవి మిగిలిపోవడం, వాటిని అక్కడే నీటిలో వదిలేయడం ఈ వ్యాప్తికి ఒక ముఖ్యమైన దారి. ఎవరూ చెడు తలపెట్టి చేసిన పని కాదు. సాయంత్రం ఇంటికి వెళ్తూ బకెట్‌లో మిగిలిన నాలుగు ప్రాణాలను చంపడం ఎందుకని వాగులో కుమ్మరించి ఉంటారు.

సిగ్నల్ క్రేఫిష్ పెద్దది, దుడుకుది, దొరికినదల్లా తింటుంది. రాతి సందు కోసం జరిగే తగువులో గెలిచేది అదే. సందు దక్కని షాస్టా క్రేఫిష్ చేపలకూ నీటికుక్కలకూ తేలికగా చిక్కుతుంది. చిన్నవాటిని సిగ్నల్ క్రేఫిష్ తానే తినేస్తుంది కూడా. దాని పొరుగున ఎక్కువ కాలం నిలవగలిగిన షాస్టా క్రేఫిష్ గుంపు కనబడటం లేదు.

దీని చివరి మజిలీ ఎలా ఉంటుందో చెప్పడానికి ఊహ అవసరం లేదు. శాన్ ఫ్రాన్సిస్కో అఖాతం చుట్టుపక్కల వాగుల్లో పసిఫాస్టకస్ నైగ్రెసెన్స్ అనే మరో దాయాది ఉండేది, దాన్ని 1857లో వర్ణించారు. సిగ్నల్ క్రేఫిష్ ఆ వాగుల్లోకి వచ్చాక అది కనుమరుగైంది. ఇప్పుడది అంతరించిన జాతుల జాబితాలో ఉంది.

పిల్లలను కంటున్నదే కదా, సంతతి తిరిగి ఎందుకు పుంజుకోదు?

లెక్క చూడండి. షాస్టా క్రేఫిష్ ఈడుకు రావడానికి సుమారు 5 ఏళ్లు పడుతుంది. శరదృతువులో జతకట్టి, ఆడది 10 నుంచి 70 వరకు గుడ్లు పెట్టి, వాటిని చలికాలమంతా మోసి వసంతంలో పొదుగుతుంది. సిగ్నల్ క్రేఫిష్ 2, 3 ఏళ్లకే ఈడుకు వచ్చి, ఒక్కో కాన్పులో వందల గుడ్లు పెడుతుంది. షాస్టా క్రేఫిష్ పదేళ్లకు పైగా బతుకుతుంది కాబట్టి, పెద్దవి చనిపోకుండా ఉన్నంతకాలం కొద్దిపాటి పిల్లలతోనే వంశం నడిచింది. శత్రువు లేని నిలకడైన నీటిలో ఆ నెమ్మది దానికి సరిపోయింది. ఇప్పుడు అదే దాని పాలిట శాపమైంది.

పెంకు మార్చుకునేటప్పుడు ప్రమాదం ఎక్కువని అంటారు. నిజమేనా?

నిజమే. గట్టి పెంకు సాగదు కాబట్టి, పెరగాలంటే పాత పెంకును విడవక తప్పదు. రెండేళ్ల కిందట ఒక విద్యార్థి తన అక్వేరియంలోని క్రేఫిష్ చచ్చిపోయిందని డబ్బాలో పెట్టి మా ప్రయోగశాలకు తెచ్చాడు. మీసాలు, కళ్లు, గిట్టలు, కాళ్లు అన్నీ యథాతథంగా ఉన్నాయి కానీ, చేతిలోకి తీసుకుంటే బరువే లేదు. వీపు దగ్గర అడ్డంగా ఒక చీలిక. అది విడిచిన కుబుసం. అసలు ప్రాణి తొట్టిలో గులకరాళ్ల వెనుక మైనంలా మెత్తబడి కదలకుండా పడి ఉందని ఇంటికి వెళ్లాక తెలుసుకున్నాడు. కుబుసం విడవడానికి ముందు క్రేఫిష్ పెంకులోని సున్నాన్ని కొంత వెనక్కి లాక్కుని కడుపులో చిన్న బిళ్లలుగా దాచుకుంటుంది. తరువాత వాటిని కరిగించుకుని కొత్త పెంకును గట్టిపరచుకుంటుంది. ఆ మెత్తని రోజుల్లో దాక్కోవడానికి రాతి సందు లేకపోతే ఎవరికైనా ఆహారమే. అందుకే సందు కోసం జరిగే పోటీని ప్రాణం కోసం జరిగే పోటీగానే చూడాలి.

ఆనకట్టలు, బురద వంటి కారణాలు లేవా?

ఉన్నాయి. పిట్ నది మీద 1920ల నుంచి జలవిద్యుత్ కట్టడాలు వచ్చాయి. నీటిని మళ్లించడం వల్ల ఒకప్పుడు కలిసి ఉన్న గుంపులు విడివిడి ముక్కలయ్యాయి. ఒడ్డులు కోసుకుపోయి వచ్చిన సన్నని ఒండ్రు రాళ్ల కింది సందులను పూడ్చివేస్తుంది. చెరువులో పూడిక పేరుకుంటే మనకు నీటి నిల్వ తగ్గుతుంది, ఆ ప్రాణికి ఇల్లే పోతుంది.

చట్టపరమైన రక్షణ ఉందా?

1988లో అమెరికా కేంద్ర ప్రభుత్వం దీన్ని అంతరించిపోయే ప్రమాదంలో ఉన్న జాతిగా ప్రకటించింది. 1998లో పునరుద్ధరణ ప్రణాళిక వెలువడింది. కాలిఫోర్నియా రాష్ట్ర చట్టం కింద కూడా దీనికి రక్షణ ఉంది. చట్టం మనుషులను ఆపుతుంది కానీ, సిగ్నల్ క్రేఫిష్‌ను ఆపదు. ఈ జాతి విషయంలో ప్రకటన తరువాత కూడా క్షీణత కొనసాగడానికి కారణం అదే.

కాపాడడానికి ఇప్పుడు ఏమి చేస్తున్నారు?

మొదటి పని లెక్క తేల్చడం. గజఈతగాళ్లు నీటిలోకి దిగి, రాళ్లను ఒక్కొక్కటిగా ఎత్తి చూసి, తిరిగి ఉన్నచోటనే పెడతారు. ఎత్తిన రాయిని ఎలా ఉన్నదాన్ని అలా పెట్టకపోతే వెతికే పనే నష్టం చేస్తుంది. క్రేఫిష్ ఉనికిని కనిపెట్టడానికి నీటి నమూనాలోని డీఎన్ఏ జాడలను పరీక్షించే పద్ధతి కూడా వాడుకలోకి వచ్చింది.

రెండో పని ఏరివేత. దొరికిన సిగ్నల్ క్రేఫిష్‌లను చేత్తో పట్టి తీసేస్తారు. దీని మీద పెద్ద ఆశలు పెట్టుకోకూడదని నా అభిప్రాయం. పెద్దవి దొరుకుతాయి, గోరంత పిల్లలు సందుల్లోనే ఉండిపోతాయి. ఆపిన ఏడాది నుంచే మళ్లీ పెరుగుతాయి. పొలంలో తుంగను పైపైన కోసినట్లే, గడ్డ నేలలోనే ఉంటుంది. అయినా మానకూడదు. ఏరివేత వల్ల స్వదేశీ గుంపుకు కొంత వ్యవధి దొరుకుతుంది.

మూడో పని అడ్డుకట్ట. సిగ్నల్ క్రేఫిష్ ఇంకా చేరని ఎగువ వాగుల్లోకి అది పాకి వెళ్లకుండా నీటిలో కట్టడాలు నిర్మిస్తారు. మామూలుగా నదికి అడ్డం కట్టడం జలచరాలకు కీడు. ఇక్కడ మాత్రం అడ్డమే రక్ష. చేపల రాకపోకలకు వీలుండాలి, క్రేఫిష్ ఎక్కకూడదు — ఈ రెండిటినీ కలపడం ఇంజనీర్లకు తేలికైన పని కాదు.

నాలుగోది, అన్నిటికన్నా నమ్మదగినది, ఆశ్రయ జలాలు. శత్రువు లేని, ఊటనీరు నిలకడగా ఉండే ఒక వాగును ఎంచుకుని, అడుగున లావా రాళ్లు పరిచి, ఎగబాకే దారి మూసి, అక్కడికి కొన్నిటిని తరలించడం. విత్తనాల గాదెలో ఒక గరిసె వేరే పెట్టినట్లు, మిగతా చోట్ల ఏమి జరిగినా వంశం పూర్తిగా తుడిచిపెట్టుకుపోకుండా ఉండటానికి ఇది.

సిగ్నల్ క్రేఫిష్‌ను పట్టి తినేస్తే సరిపోదా?

ఈ ప్రశ్న ప్రతిసారీ వస్తుంది, అడిగేవారు నవ్వుతూ అడిగినా ప్రశ్న మంచిదే. అది తినదగినదే, యూరప్‌లో ఇష్టంగా తింటారు. చిక్కు ఎక్కడంటే, ధర పలికే ప్రాణిని ఎవరూ అంతం కానివ్వరు, ఇంకో వాగులో కూడా వేసి పెంచుదామని చూస్తారు. స్వీడన్ అనుభవం ఇదే. ఉత్తర అమెరికా నుంచి వచ్చిన క్రేఫిష్ ప్లేగు అనే బూజు వంటి తెగులు 1860 ప్రాంతంలో ఇటలీలో మొదలై, 1907లో స్వీడన్ చేరి అక్కడి స్వదేశీ క్రేఫిష్‌ను ఊడ్చిపెట్టింది. దానికి బదులుగా 1960 నుంచి సిగ్నల్ క్రేఫిష్‌ను తెచ్చి వదిలారు. ఆ తెగులును తాను పెద్దగా బాధపడకుండా మోసుకు తిరిగేది సరిగ్గా ఈ సిగ్నల్ క్రేఫిషే. పైగా షాస్టా జలాల్లో సామాన్యులను వేటకు దింపితే, రాత్రిపూట టార్చి వెలుగులో ఏది ఏదో పోల్చుకోలేక కాపాడవలసినదాన్నే బుట్టలో వేసుకునే ప్రమాదం ఉంది.

వేల మైళ్ల దూరాన ఉన్న జీవి గురించి రాయలసీమలో ఎందుకు తెలుసుకోవాలి?

చిన్న చోటుకే పరిమితమైన జీవులు మనకూ ఉన్నాయి కాబట్టి. నీలమణిలా మెరిసే ఒక సాలీడును 1899లో గుత్తి రైల్వే కలప డిపోలో దొరికిన నమూనా ఆధారంగా పోకాక్ అనే శాస్త్రవేత్త వర్ణించాడు. ఆ తరువాత శతాబ్దం పాటు దాని జాడ లేదు. 2001లో నంద్యాల, గిద్దలూరు మధ్య అడవిలో తిరిగి కనిపించింది. గుత్తికి అది కలప దుంగలతో పాటు రైల్లో వచ్చి ఉంటుందని ఇప్పుడు అనుకుంటున్నారు. ప్రపంచమంతా పెంపుడు సాలీడుగా దానికి గిరాకీ ఉంది, సొంత అడవి మాత్రం 100 చదరపు కిలోమీటర్ల లోపే. ఇక కలివి కోడి సంగతి కడపవారికి తెలిసిందే: 1900 తరువాత అంతరించిందనుకున్న పక్షి 1986లో సిద్ధవటం ప్రాంతపు చిట్టడవిలో దొరికింది. దాని కోసం కాలువ దారినే మార్చవలసి వచ్చింది.

ఇటువంటి జీవులకు సంఖ్య కన్నా చోటు ముఖ్యం. ఎక్కడైనా బతకగలిగిన ప్రాణి ఒకచోట దెబ్బ తింటే ఇంకోచోట మిగులుతుంది. ఒకే లోయ, ఒకే ఊట, ఒకే చిట్టడవి ఉన్న ప్రాణికి ఒక్క పొరపాటు చాలు.

షాస్టా క్రేఫిష్‌ను మహానంది వంటి ఊటల్లో పెంచి కాపాడవచ్చా?

వద్దు. మన నీరు దానికి వెచ్చన, మన ఎండ్రకాయలకు అది పరాయిది. దాన్ని దేశం దాటించడం చట్ట విరుద్ధం కూడా.

అక్వేరియం క్రేఫిష్ ఒక్కటి చెరువులో వదిలితే ఏమవుతుంది? తోడు లేకుండా పిల్లలు పుట్టవు కదా?

అన్ని జాతులకూ ఆ మాట వర్తించదు. 1990లలో జర్మనీలోని అక్వేరియం పెంపకందారుల దగ్గర బయటపడిన చలువరాతి చారల క్రేఫిష్‌లో మగది లేనే లేదు. ప్రతి ఆడదీ జత లేకుండానే తన నకళ్లను కంటుంది. అది మడగాస్కర్ చేరి వరిమళ్లలో, కాలువల్లో విపరీతంగా వ్యాపించి, అక్కడి స్వదేశీ క్రేఫిష్‌ల దాకా వస్తున్నది. కాబట్టి ఒక్కటే కదా అనుకోవడానికి వీలు లేదు. మన వరి గట్లు, కాలువలు దానికి పరాయి నేల ఏమీ కావు.

తొట్టి గోడల పాచి తింటుందని కొనుక్కుని, పెద్దదయ్యాక చెరువులో వదిలిన దక్షిణ అమెరికా సక్కర్ చేపను మన జాలర్లు దెయ్యపు చేప అంటారు. వలను చింపే ఆ ముళ్ల చేపను తిట్టుకోని జాలరి లేడు. క్రేఫిష్ విషయంలో మనకు ఇంకా ఆ పరిస్థితి రాలేదు.

మన దేశంలో దీనిపై చట్టం ఏమి చెబుతుంది?

1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టానికి 2022లో చేసిన సవరణ, పరాయి జాతుల దిగుమతిని, అమ్మకాన్ని, వ్యాప్తిని నియంత్రించే లేదా నిషేధించే అధికారాన్ని కేంద్ర ప్రభుత్వానికి ఇచ్చింది. చేపల్లో ఆఫ్రికా క్యాట్‌ఫిష్ పెంపకం మీద అంతకు ముందునుంచే, 2000 నుంచి, నిషేధం ఉంది. అయినా అది చెరువుల్లో పట్టుబడుతూనే ఉందని పత్రికల్లో చదువుతూనే ఉన్నాం.

ఇంట్లో ఉన్న క్రేఫిష్‌ను ఇక పెంచలేని పరిస్థితి వస్తే ఏమి చేయాలి?

కొన్న దుకాణానికే తిరిగి ఇవ్వండి, లేదా పెంచగలిగిన మరొకరికి అప్పగించండి. పుణ్యం వస్తుందని తుంగభద్ర పుష్కర ఘాట్‌లోనో, ఊరి చెరువులోనో వదలవద్దు. తొట్టి మీద బరువైన మూత ఉంచండి, ఎందుకంటే క్రేఫిష్ గాలి గొట్టాన్ని పట్టుకుని బయటికి ఎక్కి, తడి ఉన్నంత దూరం నేల మీద నడవగలదు. తొట్టి కడిగిన నీటిని కాలువలో కాకుండా చెట్టు పాదులో పోయండి, గులకరాళ్లను, నాచు మొక్కలను ఎండలో పూర్తిగా ఎండనివ్వండి. ప్రాణి చనిపోతే నీటి వనరులకు దూరంగా లోతుగా పాతిపెట్టండి. పాతేముందు వీపు మీద చీలిక ఉందేమో ఒకసారి చూడండి. ఉంటే అది కుబుసమే, అసలుది తొట్టిలో ఏదో రాయి వెనుక ఉంటుంది.